వేపచెట్టు మీద వాలింది డేగేనా? (ఫోటోలు జత చేశాను)

వేపనీడ · జనవరి 11, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇది నా మొదటి పోస్టు. మాది హైదరాబాద్, సైనిక్‌పురి వైపు. మూడో అంతస్తు ఫ్లాటు. వంటింటి కిటికీకి ఎదురుగా ఖాళీ స్థలం, అందులో పెద్ద వేపచెట్టు. వారం రోజులుగా ఒక పక్షి పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చుంటోంది. పావురమంత ఉంటుంది. వీపు బూడిద రంగు, పొట్ట మీద అడ్డచారలు, పొడుగు తోక. అది రాగానే గోరింకలు, ఉడుతలు ఒకటే గోల.

మా అమ్మ చూసి "అది డేగ. మా ఊళ్లో కోడిపిల్లల్ని ఎత్తుకుపోయేది ఇదే" అంది. నెట్‌లో వెతికితే షిక్రా అనిపించింది. నా దగ్గర కానన్ 1500డీ, 55-250 లెన్సు ఉన్నాయి. 3 ఫోటోలు పెట్టాను. ఏవీ బాగా రాలేదు, పొగమంచులో తీసినట్టున్నాయి. ఇది షిక్రాయేనా? ఫోటోలు ఎందుకిలా వస్తున్నాయి?

గోదారిలంక · జనవరి 11, ఉదయం 10:05

షిక్రాయే అండి. మన తెలుగులో జాలెడేగ అంటారు. మీ అమ్మగారు చెప్పింది నిజం. మా లంకల్లో చిన్నప్పుడు డేగ వచ్చిందంటే తల్లికోడి చేసే అరుపు వేరేగా ఉండేది. ఆ అరుపు వినగానే మా నాయనమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లల్ని గంప కింద కమ్మేసేది. గద్ద వస్తే పైన గిరికీలు కొడుతూ కనబడుతుంది, జాగ్రత్తపడటానికి టైముంటుంది. డేగ అలా కాదు. ఏ కొబ్బరిమట్ట చాటునో కూర్చుని ఉంటుంది, మనం చూసేసరికే పని అయిపోతుంది.

బాల్కనీ_బైనాక్యులర్ · జనవరి 11, ఉదయం 10:40

డేగ అంటే సంక్రాంతి పందాల్లో ఎర్ర కోడిపుంజు అనే తెలుసు నాకు. అసలు డేగ ఇదా! మరి డేగకీ గద్దకీ తేడా ఏంటి? రెండూ ఒకటేనేమో అనుకున్నా ఇన్నాళ్లూ.

తెనాలి_కెమెరా · జనవరి 11, మధ్యాహ్నం 1:15

@వేపనీడ, పక్షి సంగతి పెద్దవాళ్లు చెబుతారు, నేను ఫోటో సంగతి చెబుతా. పెళ్లి ఫోటోలు నా వృత్తి, పక్షులు ఆదివారం పని. మీ మూడు ఫోటోల్లోనూ తెల్లటి పొర ఒకటి ఉంది, పక్షి అంచులు చెదిరి ఉన్నాయి. కిటికీకి దోమల జాలీ ఉందా? జాలీలోంచి తీశారా?

వేపనీడ · జనవరి 11, మధ్యాహ్నం 1:32

అవునండీ! జాలీలోంచే తీశాను. తలుపు తెరిస్తే ఎగిరిపోతుందేమోనని భయం.

తెనాలి_కెమెరా · జనవరి 11, మధ్యాహ్నం 2:10

అదే కారణం. కంటికి జాలీ అడ్డం అనిపించదు గానీ లెన్సుకి అడ్డమే. దాని దారాల మీద పడిన వెలుతురంతా ఫోటోలో పొరలా పరుచుకుంటుంది. ఆటోఫోకస్ కూడా ఒక్కోసారి పక్షిని వదిలేసి జాలీని పట్టుకుంటుంది. కిటికీ అద్దంలోంచి తీసినా ఇదే బాధ.

రేపు పక్షి రాకముందే, తెల్లారకముందే, ఆ కిటికీ రెక్క ఒక్కటి తెరిచి ఉంచండి. వంటింట్లో లైటు ఆర్పేయండి. మీరు కిటికీకి రెండడుగులు వెనక నిలబడి తీయండి. చీకటి గదిలో ఉన్న మనిషి పక్షికి అంతగా కనబడడు. గట్టు మీద చిన్న బియ్యం సంచి పెట్టి లెన్సుని దాని మీద ఆనించండి, ఏ స్టాండూ అక్కర్లేదు. కూర్చున్న పక్షికి షట్టర్ 1/500 సెకను చాలు. ఐఎస్ఓ, అంటే సెన్సార్ వెలుతురుకి స్పందించే స్థాయి, 1600 దాకా వెళ్లినా భయపడొద్దు. కాస్త గరుకు వచ్చినా ఫోటో నిలుస్తుంది, వణికిన ఫోటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

కర్నూలు_మాస్టారు · జనవరి 11, రాత్రి 8:45

ముందు @బాల్కనీ_బైనాక్యులర్ ప్రశ్న. పల్లెల్లో డేగ, గద్ద అనే మాటల్ని ఎవరూ పుస్తకం చూసి వాడలేదు. అయినా లెక్క దాదాపు కచ్చితంగా ఉంటుంది. ఆకాశంలో తిరుగుతూ కిందికి చూసేవి, ఎలకలనో చచ్చినవాటినో చేపలనో ఏరుకునేవి గద్దలు. మాటేసి, ఒక్క దూకుతో ప్రాణమున్నదాన్ని పట్టేవి డేగలు. ఊళ్లో రోజూ కనిపించే నల్లగద్దకి తోక చివర చీలి ఉంటుంది. డేగ తోక పొడుగ్గా, చివర కాస్త గుండ్రంగా ఉంటుంది. రెక్కలు పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి, కొమ్మల మధ్య చటుక్కున తిరగడానికి. ఎగిరే తీరు కూడా వేరు: నాలుగైదు సార్లు టపటపా కొట్టి కాసేపు జారుతుంది, మళ్లీ కొడుతుంది.

ఇక అసలు సంగతి. @వేపనీడ, మిమ్మల్ని నిరాశపరుస్తున్నందుకు మన్నించాలి. మీ మూడో ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూశాను. ఇది డేగ కాదనుకుంటున్నాను. ముక్కు చూడండి, దాదాపు తిన్నగా ఉంది. వేటపక్షి ముక్కు మొదట్లోనే కిందికి వంగి కొక్కెంలా ఉంటుంది. కంటి చుట్టూ పసుపు ఉంగరం ఉంది. కొమ్మ మీద పక్షి అడ్డంగా, ముందుకి వాలి కూర్చుంది. డేగ నిటారుగా కూర్చుంటుంది. ఇది కోయిల కుటుంబంలోని హాక్ కుక్కూ. హిందీవాళ్లు పపీహా అంటారు.

వేపనీడ · జనవరి 11, రాత్రి 9:30

మాస్టారూ, కోయిలా? మరి పక్షులన్నీ ఎందుకు అలా భయపడుతున్నాయి? అమ్మకి చెబితే అస్సలు ఒప్పుకోవడం లేదు.

కర్నూలు_మాస్టారు · జనవరి 12, ఉదయం 6:10

అదే దీని గొప్ప. ఇది పురుగులు తినే పక్షి, గొంగళిపురుగులంటే మరీ ఇష్టం. పక్షుల్ని వేటాడదు. కానీ వీపు రంగు, పొట్ట చారలు, తోక మీద పట్టీలు అన్నీ షిక్రాని పోలి ఉంటాయి. ఎగరడం కూడా అలాగే టపటపా కొట్టి జారుతుంది. చెట్టు మీద వాలగానే తోకని అటూ ఇటూ ఊపుతుంది, షిక్రా లాగే. చిన్న పక్షులు నిజంగానే మోసపోతాయి. ఈ కోయిల జంగిల్ బాబ్లర్లనే పిట్టల గూట్లో గుడ్డు పెడుతుంది. డేగ వచ్చిందని అవి గూడు వదిలి కేకలు పెడుతుంటే దీని పని సులువవుతుంది. మనుషులూ మోసపోతారు. నేను మొదటి రెండేళ్లు రాసిన నోట్సులో షిక్రాల్లో ఎన్ని పపీహాలో నాకే తెలియదు. ఎండాకాలం, వానాకాలం గొంతెత్తి అరుస్తుంది కాబట్టి తెలిసిపోతుంది. చలికాలం నోరు విప్పదు, అందుకే జనవరిలో ఈ పొరపాటు ఎక్కువ.

ఇంకో గుర్తు చెబుతాను, మీకు కుదిరితే చూడండి. కాళ్లు. కోయిల వేళ్లు రెండు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి, సన్నగా ఉంటాయి. డేగకి మూడు ముందుకి, ఒకటి వెనక్కి. గోళ్లు నల్లగా, వంకరగా కనిపిస్తాయి.

మీ అమ్మగారితో వాదించకండి. ఆవిడ చూసింది డేగే కావచ్చు. ఒకే చెట్టుకి రెండూ రావడం అరుదేం కాదు.

గోదారిలంక · జనవరి 12, ఉదయం 7:25

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. చూడగానే అనేశాను. ఇప్పుడు చూస్తే ముక్కు సన్నగా ఉంది. 40 ఏళ్లుగా డేగల్ని చూస్తున్నా అనుకుంటూ ఉన్నాను.

డాలస్_ఆవకాయ · జనవరి 12, ఉదయం 8:50

టెక్సస్ నుంచి రాస్తున్నాను. మా పెరట్లో గింజల డబ్బా వేలాడదీశాం, పిచ్చుకల కోసం. వాటి కోసం కూపర్స్ హాక్ వస్తుంది. దీని కథ మీ షిక్రా కథే: పెద్దదానికి ఎర్ర కన్ను, పిల్లకి పసుపు కన్ను, పిల్లకి ఛాతీ మీద నిలువు చారలు, పెద్దదానికి అడ్డ చారలు. చలికాలంలో దీనికంటే చిన్నదైన షార్ప్ షిన్డ్ హాక్ కూడా వస్తుంది, రెండింటినీ విడదీయడం ఇక్కడ అందరికీ తలనొప్పే. ఇన్నాళ్లూ షిక్రానీ వీటినీ ఆక్సిపిటర్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 2024లో ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైటు జాబితా మారినప్పుడు షిక్రా టాకిస్పైజా అయింది, కూపర్స్ హాక్ ఆస్టర్ అయింది. షార్ప్ షిన్డ్ పాత పేరుతోనే ఉంది. పాత పుస్తకాలు చూసేవాళ్లు కంగారు పడకండి, పక్షి అదే.

చార్మినార్_పతంగ్ · జనవరి 16, సాయంత్రం 5:50

విషయం మారుస్తున్నందుకు క్షమించండి, అర్జెంటు. మా మేడ పక్కన కరెంటు తీగకి మాంజా చిక్కుకుని ఒక గద్ద వేలాడుతోంది. బతికే ఉంది. ఏం చేయాలి?

కొండగాలి_డాక్టర్ · జనవరి 16, సాయంత్రం 5:58

పశువైద్యురాలిని, విశాఖ. మీరు తీగ జోలికి వెళ్లకండి. ముందు ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి, తర్వాత అటవీశాఖకి. కరెంటు ఆపకుండా ఎవరినీ కర్ర పెట్టనివ్వకండి. కిందికి దించాక మాంజాని లాగకూడదు. లాగితే రెక్క కండరం దాకా కోసుకుపోతుంది. దారాన్ని రెండువైపులా కత్తిరించి, రెక్క మీద ఉన్నది అలాగే వదిలేయండి, డాక్టరు తీస్తారు. పక్షి మీద మెత్తటి తువ్వాలు కప్పండి, కళ్లు కూడా మూసుకునేలా. కళ్లకి చీకటైతే శాంతిస్తుంది. గోళ్లు జాగ్రత్త, ముక్కుకంటే గోళ్లతోనే ప్రమాదం. గాలి కోసం రంధ్రాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. నీళ్లు నోట్లో పోయకండి, మాంసం పెట్టకండి. ఫోటోలు, వీడియోలు కూడా వద్దు.

చార్మినార్_పతంగ్ · జనవరి 16, రాత్రి 9:40

దించారు. ఎడమ రెక్క చీలింది, ఎముక విరగలేదట. తీసుకెళ్లారు. డాక్టరమ్మా, చాలా థ్యాంక్స్. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా మా గల్లీలో పిల్లల చేతుల్లో అదే ఉంది. పదేళ్లుగా పతంగులు ఎగరేస్తున్నాను. ఈ ఏడాది మామూలు నూలు దారమే వాడాను, ఇకముందూ అంతే.

వేపనీడ · జనవరి 26, ఉదయం 10:30

మాస్టారూ! అమ్మ గెలిచింది!

ఇవాళ సెలవు. 7:15కి ఉడుతలు మొదలుపెట్టాయి. తోక ఎగరేస్తూ చిక్ చిక్ చిక్ అని ఆగకుండా. అమ్మ టీ గిన్నె దించుతూ "వచ్చింది చూడు" అంది, బయటికి చూడకుండానే. కిటికీ తెరిచే ఉంది, లైటు ఆర్పి ఉంది, బియ్యం సంచి రెడీ. ఈసారి కొమ్మ మీద కాదు, కొమ్మల లోపల మాను పక్కన కూర్చుంది. నిటారుగా. ముక్కు కొక్కెంలా ఉంది. కన్ను ఎర్రగా, నిప్పుకణంలా ఉంది. 12 ఫోటోలు తీశాను, 4 పెట్టాను. కాళ్లు కూడా కనబడుతున్నాయి, మూడు వేళ్లు ముందుకి!

కర్నూలు_మాస్టారు · జనవరి 26, ఉదయం 11:05

షిక్రా. మగది. సందేహమే లేదు. అభినందనలు, ముఖ్యంగా మీ అమ్మగారికి. ఉడుత అరుపుని బట్టి వేటపక్షిని పసిగట్టడం చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే వస్తుంది.

మీ రెండో ఫోటోని ఆధారంగా పెట్టుకుని చెబుతాను, కొత్తవాళ్లకి పనికొస్తుంది. కన్ను ముదురు ఎరుపు, వీపు లేత బూడిద, బుగ్గ కూడా బూడిదే: మగది. ఆడదాని కన్ను నారింజ పసుపు, వీపులో గోధుమఛాయ, ఒళ్లు మగదానికంటే పెద్దది. ఛాతీ మీద ఇటుకరంగు సన్నటి అడ్డగీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఎండ నేరుగా పడితే ఈ గీతలు కలిసిపోయి, ఒకే గులాబీ పూతలా కనిపిస్తాయి, అందుకే చాలామంది ఫోటోలో చారలు లేవని గాబరా పడతారు. గొంతు మధ్యలో నిలువుగా ఒక గీత ఉంది చూశారా, పెన్సిల్‌తో గీసినంత సన్నగా? దాన్ని గుర్తుపెట్టుకోండి. అడవుల్లో బెస్రా అనే దగ్గరి చుట్టం ఉంది. దాని గొంతు గీత బొగ్గుతో గీసినట్టు లావుగా ఉంటుంది, ఛాతీ మీద ముదురు మరకలు ఉంటాయి. చలికాలం వలస వచ్చే స్పారోహాక్‌కి కంటిపైన తెల్లటి కనుబొమ లాంటి గీత ఉంటుంది, కాలి మధ్య వేలు బాగా పొడుగు. ఊరి మధ్య వేపచెట్టు మీద కనిపించింది నూటికి తొంభైతొమ్మిది పాళ్లు షిక్రాయే అనుకోవచ్చు. ఆ మిగిలిన ఒక్కదాని కోసమే గొంతు ఫోటో తీయమంటాను.

బాల్కనీ_బైనాక్యులర్ · జనవరి 26, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, నాకు కెమెరా లేదు. బైనాక్యులర్, ఫోను ఉన్నాయి. పనికొస్తాయా?

కర్నూలు_మాస్టారు · జనవరి 26, మధ్యాహ్నం 12:45

తప్పకుండా. గుర్తుపట్టడానికి అందమైన ఫోటో అక్కర్లేదు. ముక్కు, గొంతు, ఛాతీ, తోక, కాళ్లు కనిపిస్తే చాలు. ఫోను లెన్సుని బైనాక్యులర్ కంటిగాజుకి ఆనించి తీయండి. నల్లటి గుండ్రం మధ్యలో చిన్న పక్షి వస్తుంది, దానితో పని జరుగుతుంది. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఎగిరేటప్పుడు వస్తే అదృష్టం, రెక్క అడుగున చారలు, రెక్క చివర నలుపు తెలుస్తాయి. ఆ రోజు టైము, అరుపు, ఏం తింటోందో రాసి పెట్టుకోండి. ఫోటోలో లేనివి నోట్సులో ఉంటాయి.

తెనాలి_కెమెరా · జనవరి 26, మధ్యాహ్నం 3:30

@వేపనీడ, ఫోటోలు చాలా మెరుగయ్యాయి. కానీ పక్షి ఫ్రేములో చిన్నగా ఉంది కదా అని లెన్సు మార్చాలని పరుగెత్తకండి. ఒక చిన్న లెక్క చెబుతాను. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ని, అంటే దాని మీద రాసి ఉండే మిల్లీమీటర్లని, పక్షి పొడుగుతో గుణించి, దూరంతో భాగిస్తే సెన్సార్ మీద పక్షి ఎంత పడుతుందో వస్తుంది. షిక్రా సుమారు 30 సెంటీమీటర్లు. మీ చెట్టు 25 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 250 మిల్లీమీటర్ల లెన్సుతో సెన్సార్ మీద 3 మిల్లీమీటర్లు. మీ కెమెరా సెన్సార్ ఎత్తు దాదాపు 15 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేము ఎత్తులో అయిదో వంతు, 800 పిక్సెళ్లు. మొబైల్లో చూడటానికి, చిన్న ప్రింటుకి ఇది చాలు. 600 లెన్సు కొంటే రెండున్నర రెట్లు పెద్దదవుతుంది, ఖర్చు అంతకంటే చాలా రెట్లు పెరుగుతుంది. దూరం సగం అయితే పైసా ఖర్చు లేకుండా రెట్టింపవుతుంది. అలాగని మీరు దగ్గరికి వెళ్లకండి. దాన్నే రానివ్వండి. రోజూ అదే కిటికీలో అదే టైముకి కనిపిస్తే నెల తిరిగేసరికి మీ ఉనికికి అలవాటు పడుతుంది.

మూడో ఫోటో చెప్పుకోవాలి. పక్షి నల్లగా, నీడలా వచ్చింది. వెనకాల ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం చీకటి చేస్తుంది. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 నుంచి ప్లస్ 1.3 దాకా పెంచండి. వెనకాల ఆకులుంటే సున్నాకి తెచ్చేయండి. ఫోకస్‌కి 9 పాయింట్లూ వదిలేయకుండా మధ్యది ఒక్కటే వాడండి, మీ మోడల్లో క్రాస్ టైప్ పాయింటు (నిలువు, అడ్డ గీతలు రెండింటినీ పట్టేది) అదే. దాన్ని కంటి మీద పెట్టండి. కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకబారినా ఎవరూ అడగరు.

వేపనీడ · ఫిబ్రవరి 9, ఉదయం 9:10

ఎగిరే ఫోటో ప్రయత్నించాను. 60 తీస్తే ఒక్కటీ రాలేదు. ఖాళీ కొమ్మలు, సగం తోకలు. చాలా దిగులేసింది.

తెనాలి_కెమెరా · ఫిబ్రవరి 9, ఉదయం 10:00

డేగ ఎగిరే ఫోటో కష్టం, మీ తప్పు కాదు. గద్దతో మొదలుపెట్టండి. సాయంత్రం నల్లగద్దలు మీ మేడ మీదే తిరుగుతుంటాయి. నిదానంగా, పెద్దగా ఉంటాయి. షట్టర్ 1/2000, ఐఎస్ఓ ఆటో, ఫోకస్ ఏఐ సర్వో, అంటే కదిలే పక్షిని వదలకుండా ఫోకస్ చేసే పద్ధతి. పక్షి దూరంలో ఉన్నప్పటి నుంచే వ్యూఫైండర్లో పట్టుకుని, నడుము తిప్పుతూ దానితో పాటు కదలండి, చేతులు మాత్రమే తిప్పకండి. నొక్కాక కూడా కదలిక ఆపకండి. నేను నెల రోజులు గద్దల మీదే చేయి తిప్పాను.

డేగకి ఇంకో ఉపాయం. అది వెళ్లేముందు చెబుతుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, తల కిందికీ పైకీ రెండుసార్లు ఆడిస్తుంది దూరం అంచనా వేసుకోవడానికి, చాలాసార్లు రెట్ట వేస్తుంది. రెట్ట వేసిందంటే వేలు బటన్ మీద ఉంచండి. మీ కెమెరా సెకనుకి 3 ఫోటోలే తీస్తుంది కాబట్టి ముందే నొక్కి పట్టుకోవద్దు, రెక్క విప్పే క్షణానికి ఆగండి.

కృష్ణాతీరం_క్లిక్స్ · ఫిబ్రవరి 9, ఉదయం 11:40

ఇంత కష్టం ఎందుకు? గోడ మీద కోడిమాంసం ముక్క పెట్టండి, లేదా ఎలకని దారంతో కట్టండి. నేరుగా మీ ముందుకే వస్తుంది. కొందరు ఇలాగే తీస్తారు.

కొండగాలి_డాక్టర్ · ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12:30

దయచేసి అలా చేయకండి. దుకాణం కోడిలో ఏ జబ్బుందో తెలియదు, మందు తిన్న ఎలక అయితే పక్షి చచ్చిపోతుంది. దారం కడితే ఆ దారం కాలికి చుట్టుకుంటుంది. అలవాటైన పక్షి మనుషుల మేడల మీద వాలడం మొదలుపెడుతుంది, అక్కడ రాయి విసిరేవాళ్లూ ఉంటారు. బతికున్న ఎలకని కట్టేసి పెట్టడం కూడా హింసే. ఈ పక్షులన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, పట్టుకోవడమూ పెంచుకోవడమూ నేరం. వెనకటి రోజుల్లో షిక్రాని వేటకి మచ్చిక చేసేవాళ్లు, చాలా త్వరగా నేర్చుకుంటుందని దానికి పేరు. ఆ కాలం పోయింది.

కృష్ణాతీరం_క్లిక్స్ · ఫిబ్రవరి 9, రాత్రి 8:15

మందు తిన్న ఎలక సంగతి నాకు తట్టలేదు డాక్టరుగారూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వేపనీడ · మార్చి 23, ఉదయం 8:00

ఒక వార్త. ఇప్పుడు రెండు ఉన్నాయి. రెండోది పెద్దది, కన్ను పసుపు. తెల్లవారగానే టి-టూ, టి-టూ అని ఒకటి పిలిస్తే ఇంకోటి బదులిస్తోంది. ఈ మధ్య పుల్లలు విరిచి పక్క స్థలంలోని మామిడిచెట్టులోకి తీసుకెళుతున్నాయి. గమ్మత్తేమిటంటే నిన్న అదే అరుపు విని కెమెరా తీస్తే తీగ మీద పసులపోలిగాడు, అదే ఆ నల్లపిట్ట, కూర్చుని ఉన్నాడు! వాడే అరుస్తున్నాడు.

గోదారిలంక · మార్చి 23, ఉదయం 8:30

పసులపోలిగాడు ఆ అరుపుని భలే దించుతాడు. మిగతా పిట్టలు డేగ వచ్చిందని ఎగిరిపోతే వదిలేసిన పురుగుని వాడు తింటాడు. నిజం డేగ వస్తే మాత్రం వాడే ముందు వెంటపడి తరుముతాడు. అంత చిన్న పిట్ట, ఏం ధైర్యమో. మా పొలంలో వాడి గూడున్న చెట్టు మీదే పిగిలిపిట్టలు కూడా గూళ్లు పెట్టేవి, వాడి కాపలాలో ఉందామని.

కృష్ణాతీరం_క్లిక్స్ · మార్చి 23, ఉదయం 9:45

గూడా! లొకేషన్ పంపండి. విజయవాడ నుంచి ఆరుగురం కారులో వస్తాం, ఈ ఆదివారమే. గుడ్లు పొదిగే ఫోటో నా దగ్గర లేదు.

వేపనీడ · మార్చి 23, సాయంత్రం 6:20

ఏం చెప్పాలో తెలియక పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను. మీరు బాధపడతారేమోనని టెన్షన్. మాస్టారూ, మీరేమంటారు?

కర్నూలు_మాస్టారు · మార్చి 23, రాత్రి 8:50

చెప్పకండి. నిక్కచ్చిగా అంటున్నాను. షిక్రా గూడు కాకిగూడులా పుల్లల కుప్ప, పెద్ద రక్షణ ఉండదు. మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, మూడు వారాలు పొదుగుతుంది. మనుషులు చెట్టు కింద నిలబడితే తల్లి లేస్తుంది. ఏప్రిల్ ఎండలో తల్లి లేని గుడ్డు ఎంతసేపు తట్టుకుంటుంది? చిన్న పిల్లలైతే ఇంకా కష్టం. పైగా కాకులు మనల్నే చూస్తుంటాయి. మనం ఏ కొమ్మ వైపు చూస్తున్నామో కనిపెట్టి, మనం వెళ్లాక అక్కడికి వెళతాయి. ఒకప్పుడు నేనూ ఒక గూడు దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఫోటో బాగా వచ్చింది. వారం తర్వాత వెళితే గూడు ఖాళీ. కారణం నేనేనని రుజువు లేదు, కాదని కూడా లేదు. ఆ ఫోటో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు.

@వేపనీడ, మీరు కూడా కిటికీ దాటి వెళ్లకండి. ఫోనుతో తీసిన ఫోటోల్లో లొకేషన్ దాగి ఉంటుంది, పంపేముందు తీసేయండి.

కృష్ణాతీరం_క్లిక్స్ · మార్చి 24, ఉదయం 7:10

రాత్రి మాస్టారి పోస్టు చదివాక నిద్ర పట్టలేదు. మేం రాము. లొకేషన్ ఎవరికీ ఇవ్వకండి, నాకు కూడా. కిటికీ నుంచి మీరు చూసేదే రాస్తూ ఉండండి, చదువుకుంటాం.

వేపనీడ · ఏప్రిల్ 30, రాత్రి 9:00

చాలా రోజులకి రాస్తున్నాను. గూడు ఆకుల్లో ఉంది, మా కిటికీ నుంచి కనబడదు. కానీ మగది తెచ్చేవన్నీ కనబడతాయి, వేపచెట్టు మీద ఆగి వెళుతుంది కాబట్టి. అమ్మ క్యాలెండర్ మీద రాస్తోంది. ఈ నెలలో మేం చూసినంతలో తొండలు 17, పెద్ద మిడతలు 6, చిట్టెలుక 1, పిచ్చుక కాని చిన్న పిట్ట 2, ఉడుత పిల్ల 1. "కోడిపిల్లలే తింటుందనుకున్నా, ఇది తొండల మీదే బతుకుతోంది" అని అమ్మ ఆశ్చర్యపోతోంది. మగది అరుస్తుంది, ఆడది గూటి నుంచి వచ్చి కొమ్మ మీదే అందుకుని వెళ్లిపోతుంది. ఆ అందించే క్షణం మూడు సెకన్లు కూడా ఉండదు. 11 సార్లు ప్రయత్నించి ఒక్కటి తీయగలిగాను. 1/1000, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 2500. తొండ తోక వాటి మధ్య వేలాడుతోంది, రెండు కళ్లూ కనబడుతున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు.

తెనాలి_కెమెరా · ఏప్రిల్ 30, రాత్రి 9:25

ఈ ఒక్క ఫోటో కోసం నేను నా 600 లెన్సు ఇచ్చేస్తాను. ఫోకస్ మగదాని కంటి మీద పడింది, వెనకాల ఆకులు మెత్తగా కలిసిపోయాయి. ఎడమవైపు కొమ్మని కోసేయకండి, అది ఉంటేనే వాటి ఇల్లు అని తెలుస్తుంది.

డాలస్_ఆవకాయ · మే 1, ఉదయం 7:40

అమ్మగారి క్యాలెండర్ ఫోటో పెట్టండి ప్లీజ్. నాకు పక్షి ఫోటో కంటే అదే ఎక్కువ చూడాలనుంది.

వేపనీడ · జూన్ 4, ఉదయం 7:50

క్యాలెండర్ పేజీలు రెండూ పెట్టాను. నూనె మరకలున్నాయి, ఏమనుకోకండి.

పిల్లలు బయటికి వచ్చాయి, మూడు. వేపచెట్టు మీదే కూర్చుని రోజంతా అరుస్తున్నాయి. వీపు గోధుమరంగు, ఛాతీ మీద అడ్డచారలు కాదు, పైనుంచి కిందికి కన్నీటి చుక్కల్లాంటి మరకలు. ఇంతకుముందైతే వేరే పక్షి అనుకునేదాన్ని. మాస్టారూ, గొంతు మీద గీత కూడా తీశాను, చూడండి. సన్నగానే ఉంది కదా?

కర్నూలు_మాస్టారు · జూన్ 4, ఉదయం 8:15

సన్నగానే ఉంది. పిల్ల షిక్రాకి ఇంతకంటే మంచి ఫోటో నా దగ్గర లేదు. అనుమతి ఇస్తే మా బడిపిల్లలకి చూపించడానికి వాడుకుంటాను.

వేపనీడ · జూన్ 12, తెల్లవారుజాము 4:20

వాడుకోండి మాస్టారూ, అడగాలా.

నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. ఇప్పుడు నిద్ర లేచి రాస్తున్నాను. వేపచెట్టు వైపు నుంచి ఒకటే అరుపు, మెట్లు ఎక్కినట్టు గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ పోయి చటుక్కున ఆగిపోతోంది, మళ్లీ కింది నుంచి మొదలు. చీకటి, ఏమీ కనబడటం లేదు. అయినా తెలుసు. జనవరిలో డేగ అనుకున్నది ఇదే.

కర్నూలు_మాస్టారు · జూన్ 12, ఉదయం 5:30

పపీహాయే. రికార్డు చేశారా?

వేపనీడ · జూన్ 12, ఉదయం 5:34

చేశాను. 2 నిమిషాల 10 సెకన్లు. కిటికీ తెరిచే చేశాను.